పారమ్మత్త మూడో చేప

మా ఏట్లో చేప పట్టడం తప్పు కాదు. సరదాకి గాలం వేయడమూ తప్పు కాదు. సరదాకి గాలం వేసి చేప పట్టడం మాత్రం తప్పు. ఈ మూడు మాటలూ నేను తడుముకోకుండా చెప్పగలను. వాటిని పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా అమలు చేసే ఉద్యోగం నాదే.

ఉద్యోగమంటే పెద్దదేమీ కాదు. రేవువలసలో ఏటి ఒడ్డున ఒక రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక రిజిస్టరు, ఒక రబ్బరు స్టాంపు, ఒక గోడగడియారం. బయట బోర్డు మీద ‘నదీజల వినోద వేట ప్రోత్సాహక మండలి, రేవువలస నమోదు కేంద్రం’ అని ఉంటుంది. ఇంటర్వ్యూలో నన్ను ఒక్కటే అడిగారు. “అమ్మాయ్, ఏమీ మాట్లాడకుండా ఎంతసేపు కూర్చోగలవు?” నేనేమీ మాట్లాడలేదు. ఉద్యోగం ఇచ్చారు.

మండలి పెట్టింది మంచి ఉద్దేశంతోనే. పట్నంలో పని ఒత్తిడితో నలిగిపోతున్నవాళ్లు వారానికోసారి ఏటి ఒడ్డుకి వచ్చి, గాలం వేసుకుని, మనసు తేలిక చేసుకుని పోవాలి. మొదటి నెలంతా అలాగే జరిగింది. రెండో నెలలో పై ఆఫీసు నుంచి ఒక సందేహం వచ్చింది. ఏట్లో బతుకుతెరువు కోసం వేటాడే హక్కు మత్స్యకారుల సంఘానిది. సరదాకి వచ్చినవాడెవడో, బతుకుతెరువుకి వచ్చినవాడెవడో చూసి చెప్పడం ఎలా?

మా ప్రాంతీయ సమన్వయాధికారి ఫణిభూషణం గారు మూడు రోజులు ఆలోచించి ఏడో నంబరు సర్క్యులర్ రాశారు. పై అధికారులు దాని మీద సంతకం చేసి పంపారు. అది నాకు కంఠతా వచ్చు.

“పట్టుబడిన చేప ఆహారమగును. ఆహారము జీవనాధారము. కావున చేపను పట్టిన వ్యక్తి జీవనోపాధికై వేటాడినట్లు భావించవలెను. చేపను పట్టని వ్యక్తి నిస్సందేహముగా వినోదకారుడు.”

ప్రతి వినోదకారుడికీ ఒక కార్డు. కార్డు మీద మూడు గళ్లు. చేప పడితే ఒక గడి నిండుతుంది. మూడూ నిండితే అతను వినోదకారుడు కాదు, వృత్తిదారు. వృత్తిదారు సంఘంలో చేరాలి. సంఘంలో వంశపారంపర్యంగా వల పట్టినవాళ్లను తప్ప ఇంకెవరినీ చేర్చుకోరు. కాబట్టి మూడు గళ్లు నిండినవాడు ఏటి ఒడ్డు వదిలి వెళ్లిపోవాలి. ఎప్పటికీ.

“పట్టి నీళ్లలో వదిలేస్తేనో సార్?” అని అడిగాను. ఆ ఉద్యోగంలో అది నా మొదటి ప్రశ్న.

“అది ఇంకా ప్రమాదకరం హైమవతీ” అన్నారాయన. “తినడానికి కాకుండా పట్టాడంటే అది నైపుణ్య ప్రదర్శన. నైపుణ్యం ఎవరికి ఉంటుంది? వృత్తిదారుకి.”

సర్క్యులర్ అమల్లోకి వచ్చిన రోజు ఏటి ఒడ్డున మొట్టమొదట గాలం వేసింది మా పారమ్మత్త.

పారమ్మత్త మా నాన్నకి అక్క. ముప్పై ఏళ్లు మా ఊరి బడిలో వంట చేసింది. నేనూ ఆమె వండిన అన్నం తినే చదువుకున్నాను. మోకాళ్లు అరిగిపోయి పని మానేశాక, రోజూ తెల్లారేసరికి వెదురు కర్రా, అన్నం గిన్నే పట్టుకుని రేవులో బల్లపరుపు రాయి మీదికి వచ్చి కూర్చుంటుంది. మధ్యాహ్నం దాకా కదలదు. పడ్డ చేపల్లో ఒకటి కూరకి ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది.

“ఇంట్లో కూకుంటే మోకాళ్లు మాటాడతాయే గుంటా” అంటుంది. “ఇక్కడ కూకుంటే అయ్యి కూడా నోరు మూసుకుని గాలం బెండు కేసి సూస్తాయి.”

ఆ రాయి లేకపోతే ఆమెకి పొద్దున్నే లేచే పని లేదు. ఈ మాట ఆమె చెప్పలేదు. పండగకి మా ఇంటికి వచ్చిన రెండు రోజులూ ఆమె గోడకి చేరగిలబడి తలుపు వైపు చూస్తూ కూర్చోవడం నేను చూశాను.

సర్క్యులర్ మొదలైన ఆ రోజు ఫణిభూషణం గారు స్వయంగా పర్యవేక్షణకి వచ్చారు. అత్త వానపాముని గాలానికి గుచ్చి, దాని మీద తుపుక్కున ఉమ్మి, నీళ్లలోకి విసిరింది. అలా ఉమ్మకుండా ఆమె ఎప్పుడూ ఎర వేయదు. బెండు ఒకసారి మునిగింది. అత్త కదల్లేదు. రెండోసారి పక్కకి ఒరుగుతూ మునిగింది. అత్త మణికట్టు తిరిగింది. జానెడు జెల్ల చేప ఒకటి వచ్చి ఫణిభూషణం గారి బూట్ల దగ్గర పడి ఎగిరింది.

“అమ్మా, మీరు నిబంధన ఉల్లంఘించారు” అన్నారాయన రెండడుగులు వెనక్కి వేసి.

“నానేటి సేసినాను బావూ? అదొచ్చి తగులుకున్నాది.”

“అది తగులుకున్నప్పుడు మీరు లాగకూడదు.”

“లాగకపోతే గాలం మింగీసి సచ్చిపోద్ది కదా.”

“దాని చావు మత్స్యశాఖ పరిధి. మీ లాగడం మా పరిధి. హైమవతీ, గడి నింపు.”

మా అత్త కార్డు మీద నేనే నా చేత్తో మొదటి గడి నింపాను.

మర్నాటి నుంచి అత్త చేప పడకుండా ఉండటానికి తంటాలు పడింది. గాలానికి చింతగింజ కట్టి వేసింది. సబ్బుముక్క గుచ్చి వేసింది. అసలు గాలమే తీసేసి ఉత్త దారం వదిలి కూర్చుంది. ఆమె ఒక్కో ఉపాయం కనిపెట్టేకొద్దీ ఫణిభూషణం గారి దగ్గర్నుంచి ఒక్కో సర్క్యులర్ వచ్చింది. ఎనిమిదో నంబరు: చేప తినని ఎర వేయడం వేటను అవమానించడం. తొమ్మిదో నంబరు: గాలం లేకుండా ఏటి ఒడ్డున కూర్చోవడం వేట కాదు, ప్రభుత్వ స్థలం ఆక్రమణ.

కాబట్టి గాలం ఉండాలి, చేప తినే ఎర ఉండాలి, చేప మాత్రం పడకూడదు. అత్త గేదెలు పడుకునే బురద మడుగులోకి వెళ్లి గాలం వేసింది. అక్కడ ఏనాడూ ఎవరికీ చేప పడలేదు. అరగంటలో కొరమేను పడింది.

“సెయ్యి ఊరుకోదే” అంది కార్డు నా ముందు పెట్టి. “బెండు ఒరిగిందంటే నా మాట ఇన్దు.”

రెండో గడి నింపాను. అత్త ఆ కార్డు కేసి చాలాసేపు చూసింది. తర్వాత కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

రేవులో అందరికన్నా సుఖంగా ఉన్నది జోగారావు గారు. తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన కర్రకి చక్రం ఉంటుంది. మడత కుర్చీ, టోపీ, నల్లకళ్లద్దాలు, రంగురంగుల ప్లాస్టిక్ ఎరలున్న మూడు పెట్టెలు ఉంటాయి. ఆరేళ్ల నుంచి వస్తున్నారు. ఒక్క చేపా పడలేదు. అంతకుముందు రేవులో బట్టలు ఉతికేవాళ్లు కూడా ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్లు. ఏడో సర్క్యులర్ తర్వాత ఆయన ఫోటో మా బోర్డు పక్కన పెట్టారు. కింద ‘ఆదర్శ వినోదకారుడు’ అని రాశారు. ప్రతి ఆదివారం కొత్తవాళ్లకి ఆయన చేత శిక్షణ ఇప్పించారు.

“చేపను మనసులోకి రానివ్వకూడదు” అని చెప్పేవారు జోగారావు గారు కుర్చీలో వెనక్కి వాలి. “నా విషయంలో ఇది మొదటి నుంచీ సహజంగా అబ్బింది.”

ఒకరోజు ఆయన నిద్రపోతుండగా ఆయన గాలానికి చేప పడింది. చక్రం గిర్రున తిరిగింది. ఆయన ఉలిక్కిపడి లేచి, కంగారులో మొత్తం చుట్టేశారు. చేప వచ్చి ఒళ్లో పడింది. నేను రిజిస్టరు పట్టుకుని వెళ్లాను.

“హైమవతమ్మా, ఇది చేప కాదమ్మా. కొమ్మ.”

“కొమ్మ తోకాడిస్తోంది సార్.”

ఆయన తల దించుకున్నారు. గడి నింపించుకున్నారు. నేను షెడ్డు దాకా వెళ్లాక నా వెనకాలే వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

“ఎంత ఉంటుందంటావు?”

“అరకిలో ఉంటుంది సార్.”

“అరకిలో పైనే” అన్నారు. ఆరేళ్లకి పడ్డ మొదటి చేప. ఎవరికీ చెప్పుకోడానికి లేదు. పాపం, సాయంత్రం దాకా మా షెడ్డు చుట్టూనే తిరిగారు.

ఇలా ఉండగా వేసవి ముదిరింది. ఏరు సన్నబడి మడుగులు మడుగులుగా మిగిలింది. మత్స్యకారుల వలలకి నెల రోజులు పరిగె పిల్ల కూడా తగల్లేదు. గాలానికి ఒకటీ అరా చాలు, వలకి అలా కాదు కదా. సంఘం వాళ్ల నెలవారీ లెక్క ఫణిభూషణం గారి బల్ల మీదికి వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, సంఘం ప్రెసిడెంటు లచ్చయ్యను పిలిపించారు.

“మీ సంఘం సభ్యులు నలభైమంది. నెల రోజుల్లో పట్టిన చేపలు సున్న. అవునా?”

“అవును బావూ. నీళ్లు లేవు.”

“కారణం మాకు అనవసరం. సర్క్యులర్ స్పష్టంగా ఉంది. చేపను పట్టని వ్యక్తి నిస్సందేహంగా వినోదకారుడు. మీరు నలభైమందీ వినోదకారుల కార్డులు తీసుకోవాలి. ఆదివారం శిక్షణకి హాజరు కావాలి.”

లచ్చయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు.

“మేం సరదాకొస్తన్నామా బావూ? ఎండలో మాడి, వల భుజానేసుకుని, ఉత్త చేతుల్తో ఇంటికెళ్తే మా ఆడోళ్లు ఏటంటన్నారో మీకు తెల్దు. ఇప్పుడు సరదాకెళ్లినారని కాగితం కూడా తీసుకెళ్లమంటారా?”

“ఉద్దేశాన్ని ఫలితాన్ని బట్టే నిర్ధారిస్తాం. అది శాస్త్రీయ విధానం.”

ఆ ఆదివారం నలభైమంది మత్స్యకారులు ఏటి ఒడ్డున బాసింపట్లు వేసుకుని కూర్చుని, చేప పట్టకుండా ఉండటం ఎలాగో జోగారావు గారి దగ్గర నేర్చుకున్నారు. జోగారావు గారు తన అరకిలో చేప గురించి నాలుగుసార్లు చెప్పబోయి ఆగిపోవడం నేను గమనించాను.

నమోదైనవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగేసరికి పై ఆఫీసు చాలా సంతోషించింది. మా రేవులో ‘రాష్ట్రస్థాయి నిష్ఫల వేట పోటీలు’ పెట్టాలని నిర్ణయించింది. డైరెక్టరు అరుంధతి మేడమ్ ముఖ్య అతిథి. కార్డున్న ప్రతివాళ్లూ పాల్గొనాలి. రానివాళ్ల కార్డు రద్దు.

పోటీకి ముందురోజు అత్త షెడ్డుకి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

“రాకపోతే కార్డు పోద్ది. వస్తే సేప పడతాది. ఏటి సెయ్యమంటావు?”

“రెండు గంటలే అత్తా. కళ్లు మూసుకుని కూర్చో.”

“కళ్లు మూసుకుంటే దారం సెప్తాది కదే” అంది.

పోటీ రోజు షామియానా వేశారు. ‘శూన్యమే మన లక్ష్యం’ అని బ్యానరు కట్టారు. ఫణిభూషణం గారు మైకు అందుకున్నారు. “గత త్రైమాసికంలో మన కేంద్రం శూన్య ఫలితాల సాధనలో గణనీయమైన పురోగతి కనబరిచిందని తెలియజేయడానికి గర్విస్తున్నాను. వచ్చే త్రైమాసికానికి ఇంతకన్నా తక్కువ సాధించే దిశగా కార్యాచరణ సిద్ధమవుతోంది.” చప్పట్లు కొట్టారు.

అరుంధతి మేడమ్ యాభై దాటిన మనిషి. జీపు దిగినప్పటి నుంచి ఫోన్లు మాట్లాడుతూనే ఉన్నారు. పోటీ ప్రారంభానికి గుర్తుగా ఆమె ఒక గాలం వేయాలి. ఫోటో తీశాక కర్ర పక్కన పెట్టేస్తారని అందరం అనుకున్నాం. ఎండకి తల తిరుగుతోందని ఆమె నీడున్న చోటు వెతుక్కుని, కర్రతో సహా వెళ్లి మా అత్త రాయి మీదే కూర్చున్నారు. ఫోన్లో ఛార్జింగు కూడా అయిపోయింది.

అత్త కొంచెం జరిగి చోటిచ్చింది. తను మాత్రం ఆకాశం కేసి తల ఎత్తి, గాలం మీద చెయ్యి వేయకుండా, రెండు చేతులూ మోకాళ్ల కింద దోపుకుని కూర్చుంది. పావుగంట గడిచింది. మేడమ్ బెండు ఒకసారి మునిగింది. ఆమె ఊరికే చూశారు. రెండోసారి ఒరుగుతూ మునిగింది.

“ఓలమ్మో, ఇప్పుడు! లాగమ్మా!” అని అత్త కేకేసింది.

మేడమ్ లాగారు. అరచెయ్యంత వెడల్పున బొచ్చె పిల్ల ఒకటి గాల్లోకి లేచింది. మేడమ్ నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. బడి వదిలిపెట్టగానే పిల్లలు అరిచే అరుపు అది. షామియానా కింద అందరూ లేచి నిలబడ్డారు.

ఫణిభూషణం గారు పరుగున వచ్చారు. “మేడమ్, తమరు ఆందోళన చెందవద్దు. ఈ పట్టివేతకు ప్రేరకురాలు ఈవిడ. కాబట్టి సాంకేతికంగా ఈ చేప పారమ్మ ఖాతాలోకి వస్తుంది. ఈవిడకి ఇది మూడోది. హైమవతీ, కార్డు…”

నా చేతిలో కలం కదల్లేదు. అత్త రాయి అంచు పట్టుకుంది.

“ఎవరి ఖాతాలోకి?” అన్నారు మేడమ్. చేపని రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని ఉన్నారు. పట్టుచీర తడిసిపోయింది. “పట్టింది నేను. లాగింది నేను. ఎవరి పేరు రాస్తావమ్మా నువ్వు? నా పేరు రాయి. పూర్తిగా రాయి.”

“మేడమ్, అలా రాస్తే తమరు వృత్తి దిశగా ఒక అడుగు…”

“ఇంకో వానపాము ఇవ్వండి” అన్నారు మేడమ్, అత్త వైపు తిరిగి.

“ఉమ్మెయ్యాల మరి” అంది అత్త.

మేడమ్ ఉమ్మారు. మధ్యాహ్నానికి నాలుగు పట్టారు. నాలుగూ ఆమె పేరే రాశాను. సర్క్యులర్ ప్రకారం రాష్ట్రం మొత్తం మీద మొట్టమొదట ఏటి ఒడ్డు వదిలి వెళ్లాల్సిన మనిషి ఆవిడే అయ్యారు. ఆ సంగతి ఆమెకి జీపు ఎక్కేటప్పుడు తెలిసింది.

“ఇంత తెలివితక్కువ నిబంధన ఎవరు పెట్టారు?”

“తమరే సంతకం చేశారు మేడమ్” అన్నారు ఫణిభూషణం గారు.

“అయితే ఆపేయండి. కాగితం తర్వాత పంపిస్తాను.”

కాగితం వచ్చేదాకా రిజిస్టరులో ఏమీ రాయొద్దని నాకు చెప్పారు. పదకొండు రోజులు రాలేదు. ఆ పదకొండు రోజులూ మా ఏటి మీద ఏ నిబంధనా లేదు. లచ్చయ్య వాళ్లు నోరారా తిట్టుకుంటూ వలలు వేసుకున్నారు. జోగారావు గారు కనబడినవాళ్లందరికీ తన చేప గురించి చెప్పారు. నాలుగో రోజుకి అది కిలోన్నర అయింది. అత్త రాయి మీద కూర్చుని పట్టింది పట్టినట్టు వదిలేసింది. నేను షెడ్డు బయట కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను.

పన్నెండో రోజు పొద్దున్నే ఫణిభూషణం గారు కవరు పట్టుకుని వచ్చారు. చదివి వినిపించారు. “విషయము పునఃపరిశీలనలో ఉన్నందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాస్థితి కొనసాగించవలెను.”

“ఏ స్థితి సార్? పాత నిబంధనా, నిబంధన లేకపోవడమా?”

“నేనూ ఫోన్ చేసి అదే అడిగాను. ఉత్తర్వు అందిన క్షణంలో ఏటి మీద ఏ స్థితి ఉంటే అదే యథాస్థితి అన్నారు. అందుకున్న సమయం, అప్పటి స్థితి రాసి నువ్వు సంతకం పెట్టాలి.” ఆయన రేవు వైపు చూశారు. అత్త రాయి మీద ఉంది. బెండు నీళ్ల మీద నిశ్చలంగా ఉంది. “స్థితి స్పష్టంగానే ఉంది. గాలం వేసి ఉంది, చేప పట్టడం లేదు. అంటే ఏడో సర్క్యులర్ అమల్లో ఉన్నట్టే. అలాగే రాయి.”

అలా రాస్తే అత్త కొంగున ఉన్న కార్డుకి మళ్లీ ప్రాణం వస్తుంది. రెండు గళ్లు నిండి ఉన్న కార్డు అది. నేను కలం మూత తీశాను.

“తారీఖు ముందు రాయాలా సార్, సమయం ముందు రాయాలా?”

“తారీఖు.”

చిన్నప్పుడు కాపీరైటింగ్ పుస్తకంలో రాసినట్టు, ఒక్కో అంకె గుండ్రంగా రాశాను. “మండలి పేరు పూర్తిగా రాయాలా సార్?”

“పూర్తిగా రాయాలి. అధికారిక పత్రం.”

రాశాను. చాలా పొడుగు పేరు. బెండు ఒకసారి మునిగి తేలింది. అత్త కదల్లేదు.

“ఉత్తర్వు తెచ్చిన అధికారి పేరు కూడా…”

“అది తప్పకుండా రాయాలి” అన్నారాయన, కాలరు సర్దుకుంటూ. “ఇంటిపేరుతో సహా. పక్కన హోదా. బ్రాకెట్లో అదనపు బాధ్యతలు కూడా.”

ఆయన చెబుతూ ఉన్నారు, నేను ఒక కన్ను కాగితం మీదా ఒక కన్ను ఏటి మీదా పెట్టి రాస్తూ ఉన్నాను. ఆయనకి మూడు అదనపు బాధ్యతలు ఉన్నాయి. మూడోదాని దగ్గర అత్త మణికట్టు తిరిగింది. మూరెడు శీలావతి చేప ఎండలో ధగధగలాడుతూ నీళ్లలోంచి పైకి లేచింది.

గోడగడియారం చూశాను. సమయం: ఏడు గంటల నలభై రెండు నిమిషాలు. స్థితి: పారమ్మ రాతి మీద కూర్చుని చేప పడుతున్నది. కింద సంతకం పెట్టి కాగితం ఆయన చేతికి ఇచ్చాను.

ఫణిభూషణం గారు చదివారు. రేవు కేసి చూశారు. మళ్లీ చదివారు. “ఒక్క నిమిషం ముందు ఇలా లేదు కదా?”

“ఉత్తర్వు అందింది ఇప్పుడే సార్. ఇక చేప పట్టడమే యథాస్థితి.”

ఆయన తన పేరు, హోదా, మూడు అదనపు బాధ్యతలూ తప్పుల్లేకుండా ఉన్నాయో లేదో వేలితో చూసుకున్నారు. ఉన్నాయి. కాగితం మడిచి కవర్లో పెట్టుకున్నారు.

“ఏటే గుంటా” అని రాయి మీంచి అత్త కేకేసింది. “నా గురించేటి రాసినావు?”

“నువ్వు చేపలు పడుతున్నావని అత్తా.”

“మరింకేటి సేస్తాను?” అని అత్త ఇంకో వానపాము తీసుకుంది.